టికెట్టు దొరకని ప్రేక్షకుడు: అంతర్జాతీయ క్రికెట్ టికెట్ల పంపిణీ – రాయలసీమ నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ టికెట్ల కొరతను సాధారణంగా గిరాకీకీ సరఫరాకూ మధ్య ఉన్న తేడాగానే వివరిస్తుంటారు. బహిరంగ విక్రయం మొదలయ్యే నాటికే సీట్ల పంపిణీలో గణనీయమైన భాగం ముగిసిపోతుందనీ, మిగిలినవి ఎన్నో కొనేవారికి తెలియకపోవడమే వారి శ్రమను వృథా చేస్తున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 2018 – 2025 సంవత్సరాల మధ్య హైదరాబాదు, విశాఖపట్నం వేదికలకు సంబంధించిన ఘటనలూ, ఆ వేదికలకు దూరాన ఉన్న కర్నూలు, కడప ప్రేక్షకుల స్థితీ ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: క్రికెట్ టికెట్లు, ఉచిత పాసులు, వరుస, నిరీక్షణ వ్యయం, రాయలసీమ, కర్నూలు, ఉప్పల్ స్టేడియం.

తుంగభద్రకు ఇవతల

క్రికెట్ పాలన దృష్ట్యా కర్నూలు ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ పరిధిలోనిది. ఆ సంఘం తరఫున అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగేది విశాఖపట్నంలో. కర్నూలు నుంచి అక్కడికి రోడ్డు మార్గాన దాదాపు 700 కిలోమీటర్లు. తుంగభద్ర దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరంగా వెళితే 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే హైదరాబాదు వస్తుంది. అందువల్ల కర్నూలు ప్రేక్షకునికి సొంత సంఘం మైదానం కంటే పొరుగు రాష్ట్రంలోని ఉప్పల్ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియమే దగ్గర. కడప వారికి బెంగళూరు, చెన్నై దగ్గర. భారత జట్టు ఆటను కళ్లారా చూడాలంటే సీమవాసి ముందుగా పొరుగు రాష్ట్రాల రాజధానుల వైపే చూడవలసి వస్తున్నది.

సీమలో మైదానాలు లేక కాదు. కడపలోని వై.ఎస్. రాజారెడ్డి – ఏసీఏ స్టేడియంలో రంజీ మ్యాచ్‌లు జరిగాయి. అనంతపురంలోని ఆర్‌డీటీ స్టేడియం 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లకు వేదికయింది. అయితే పురుషుల అంతర్జాతీయ మ్యాచ్‌ల వేదికల జాబితాలో ఈ మైదానాల పేర్లు చేరలేదు.

దూరాన్ని మించిన ఇబ్బంది మరొకటి ఉంది. క్రికెట్ సంఘంలో సభ్యత్వమున్న క్లబ్బులకూ, జిల్లా శాఖలకూ ఆ సంఘం తన వాటా పాసులలో కొన్ని ఇవ్వడం ఆనవాయితీ. కర్నూలు క్లబ్బులు ఆంధ్ర సంఘానికి అనుబంధమైనవి. ఉప్పల్ మైదానం హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌ది (హెచ్‌సీఏ). అందువల్ల కర్నూలు ప్రేక్షకుడు దగ్గరి మైదానంలో పరాయివాడు, తన సంఘం మైదానానికి దూరస్థుడు. సిఫారసు దారి మూసుకుపోయిన అతనికి మిగిలేది బహిరంగ విక్రయం ఒక్కటే. కనుక ఆ విక్రయం ఎంత నిజాయతీగా జరుగుతుందన్న ప్రశ్న హైదరాబాదు వాసి కంటే అతనికే ఎక్కువ ముఖ్యం.

జింఖానా మైదానం, 2022

2019 డిసెంబరు 6న వెస్టిండీస్‌తో జరిగిన టీ20 తరువాత ఉప్పల్‌లో దాదాపు మూడేళ్ల పాటు అంతర్జాతీయ మ్యాచ్ జరగలేదు. 2022 సెప్టెంబరు 25న భారత్ – ఆస్ట్రేలియా మూడో టీ20 అక్కడ జరుగుతుందని ప్రకటన వెలువడింది. ఆన్‌లైన్‌లో పెట్టిన టికెట్లు చూస్తుండగానే అయిపోయాయి. మిగిలినవి ఎక్కడ, ఎప్పుడు అమ్ముతారన్న దానిపై రోజుల తరబడి స్పష్టత లేదు. చివరకు సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో కౌంటర్లు తెరిచారు. తెల్లవారక ముందే మొదలైన వరుస వేలమంది జనసమూహంగా మారింది. తొక్కిసలాట జరిగింది, పోలీసులు లాఠీలకు పని చెప్పారు. పోలీసు సిబ్బందితో సహా పలువురు గాయపడ్డారు. ఒక మహిళ మరణించిందన్న వార్త తొలుత వ్యాపించగా పోలీసులు దానిని ఖండించారు. నిర్వాహక సంఘంపై కేసులు నమోదయ్యాయి.

నాటి వార్తాకథనాల ప్రకారం జింఖానాలో ఆ రోజు అమ్మకానికి పెట్టినవి సుమారు 3,000 టికెట్లు. స్టేడియంలోని సీట్లు సుమారు 39,000. మ్యాచ్‌కు మూడు రోజుల ముందు, పదమూడింట ఒక వంతు సీట్ల కోసం ఒకే చోట, ఒకే ఉదయం విక్రయం జరిపారన్న మాట. క్రికెట్ పిచ్చి వల్లనే ఇలా జరిగిందని ఆ రోజుల్లో చాలామంది వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్య సరికాదు. అభిమానం మూడేళ్లుగా ఉన్నదే; ఆ ఉదయం కొత్తగా వచ్చి చేరినది సమాచారం లేకపోవడం. ఎన్ని టికెట్లున్నాయో, తన వంతు ఎన్నోదో తెలిసిన మనిషి అయిదువేలవ స్థానంలో నిలబడడు, ఇంటికి వెళ్లిపోతాడు. తెలియని మనిషి ఆశతో నిలబడతాడు. కాసేపటికి అనుమానంతో ముందుకు తోసుకువస్తాడు. తొక్కిసలాటకు గుంపు మనస్తత్వం కంటే ఈ లెక్క తెలియనితనమే దగ్గరి కారణం.

కర్నూలు నుంచి ఆ వరుసలో నిలబడదలచినవారు తెల్లవారేసరికి సికింద్రాబాద్ చేరాలంటే అర్ధరాత్రి ప్రాంతంలో బస్సు ఎక్కాలి. టికెట్టు దొరికినా మూడు రోజుల తరువాత మ్యాచ్ కోసం మళ్లీ రావాలి. అంటే రెండు రానుపోను ప్రయాణాలు, రెండు పనిదినాలు. దొరకకపోతే మొదటి ప్రయాణం ఎవరి లెక్కలోకీ రాని నష్టం.

అమ్మకానికి ముందే జరిగే పంపిణీ

స్టేడియం సామర్థ్యం వేరు, అమ్మకానికి వచ్చే టికెట్ల సంఖ్య వేరు. ఈ రెంటి మధ్య సంఘం సభ్యులు, క్లబ్బులు, క్రికెట్ బోర్డు, స్పాన్సర్లు, ప్రసార సంస్థలు, ప్రభుత్వ శాఖలు, బాక్సులను టోకుగా తీసుకునే కంపెనీలు ఉంటాయి. వీరిలో కొందరిది న్యాయమైన వాటాయే. అయితే ఆ వాటాలను కూడినప్పుడు వచ్చే మొత్తం ఎంతన్నది ప్రేక్షకునికి చెప్పే ఆచారం లేదు.

ఈ విషయం దేశమంతటా చర్చకు వచ్చిన సందర్భం ఒకటి ఆంధ్రప్రదేశ్‌తో ముడిపడి ఉంది. సుప్రీంకోర్టు ఆమోదంతో 2018లో అమలులోకి వచ్చిన భారత క్రికెట్ నియంత్రణ మండలి కొత్త నియమావళి ప్రకారం మొత్తం టికెట్లలో 90 శాతం ప్రజలకు అమ్మాలి, ఉచిత పాసులు 10 శాతానికి మించరాదు. ఆ ఏడాది అక్టోబరు 24న భారత్ – వెస్టిండీస్ రెండో వన్డే ఇండోర్‌లో జరగవలసి ఉంది. ఆ 10 శాతంలో బోర్డుకు ఎన్ని, రాష్ట్ర సంఘానికి ఎన్ని అన్న దగ్గర మధ్యప్రదేశ్ సంఘానికీ బోర్డుకూ పొసగలేదు. మ్యాచ్ విశాఖపట్నానికి తరలిపోయింది. విరాట్ కోహ్లీ వన్డేలలో 10,000 పరుగులు పూర్తి చేసినదీ, చివరకు సమంగా ముగిసినదీ ఆ మ్యాచే. తెలుగు ప్రేక్షకులు దానిని కోహ్లీ శతకంతో గుర్తుపెట్టుకున్నారు. అది విశాఖకు రావడానికి కారణం ఉచిత పాసుల తగాదా అన్న సంగతి అంతగా గుర్తులేదు. డబ్బు పెట్టి కొనే ప్రేక్షకుని ప్రస్తావన మాత్రం ఆ తగాదాలో ఎక్కడా ప్రధానం కాలేదు.

ఏడేళ్ల తరువాత అదే చిక్కు ఉప్పల్‌లో తలెత్తింది. 2025 మార్చి నెలాఖరున సన్‌రైజర్స్ హైదరాబాద్ యాజమాన్యం ఉచిత పాసుల కోసం హెచ్‌సీఏ తమను వేధిస్తున్నదని లేఖ ద్వారా ఆరోపించింది. ఒప్పందం ప్రకారం ఇస్తున్న 3,900 పాసులకు అదనంగా అడుగుతున్నారనీ, ఒక మ్యాచ్ రోజున బాక్సుకు తాళం వేశారనీ అందులో ఫిర్యాదు. హెచ్‌సీఏ ఈ ఆరోపణలను తోసిపుచ్చింది. తెలంగాణ ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. ఆ ఏడాది జూలై 9న సీఐడీ అధికారులు హెచ్‌సీఏ అధ్యక్షుణ్ణి అరెస్టు చేశారు. ఆ కేసులోని నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. ఈ పరిశీలనకు కావలసింది వివాదంలో లేని అంకె ఒక్కటే. 39,000 సీట్లలో 3,900, అంటే సరిగ్గా 10 శాతం. ఇవి వేర్వేరు సంవత్సరాల లెక్కలే అయినా పక్కపక్కన పెట్టి చూడదగినవి: నియమబద్ధంగా ఇచ్చే ఉచిత పాసులే జింఖానా కౌంటర్లలో అమ్మినట్లు చెప్పిన టికెట్లకంటే ఎక్కువ.

పాసుకు డబ్బు విలువతో పాటు గౌరవ విలువ కూడా ఉంది. కొన్న టికెట్టు చూపించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు. ‘పాసు వచ్చింది’ అనే మాటలో మాత్రం తాను ఎవరికో కావలసినవాడినన్న సూచన ఉంటుంది. కొనగల స్తోమత ఉన్నవారే పాసు కోసం ఎక్కువగా ప్రయత్నించడం ఇందువల్లనే. 10 శాతం పరిమితి మీద నిరంతరం ఒత్తిడి పడటానికీ మూలం ఇదే.

ధర, నిరీక్షణ

గిరాకీ అంత ఉన్నప్పుడు ధర పెంచి వరుసను ఎందుకు తగ్గించరు? ఆర్థికవేత్త యోరమ్ బార్జెల్ 1974లో వెలువరించిన నిరీక్షణ సిద్ధాంతం ఇక్కడ ఉపకరిస్తుంది. ధరను తక్కువగా ఉంచితే ఆ తేడాను కొనుగోలుదారులు కాలం రూపంలో చెల్లిస్తారు. వస్తువు చౌకగా దొరికినట్లు కనిపించినా వరుసలో గడిపిన గంటలు ఆ లాభాన్ని హరిస్తాయి. డబ్బు అమ్మేవాడికైనా చేరుతుంది, కాలం ఎవరికీ చేరకుండా పోతుంది. గ్యారీ బెకర్ 1991లో మరో కోణం చూపాడు. ఇతరులు ఎగబడుతున్నారన్న కారణంగానే కొన్నింటిపై కోరిక పెరుగుతుంది. కాబట్టి వరుస అమ్మేవాడికి బరువు కాదు, ఖర్చులేని ప్రచారం. తెలుగునాట ‘హౌస్‌ఫుల్’ బోర్డు చేసే పని ఎలాంటిదో తెలిసినవారికి ఈ వాదాన్ని వేరుగా వివరించనక్కరలేదు.

ఈ రెండు సిద్ధాంతాలలోనూ దూరానికి చోటు లేదు. బార్జెల్ వరుసలో అందరూ ఒకే ఊరివారు. సీమ ప్రేక్షకుని విషయంలో టికెట్టు ధర, నిరీక్షణలకు తోడు ప్రయాణం, దొరుకుతుందో దొరకదోనన్న సందిగ్ధత అనే మరి రెండు వ్యయాలు చేరుతాయి. చివరిదే అన్నిటికన్నా భారమైనది. మొదటి మూడింటికి ముందుగా లెక్క వేసుకోవచ్చు, దానికి వేసుకోలేరు.

పన్ను సంగతి క్లుప్తంగా. గుర్తింపు పొందిన క్రీడాపోటీలకు 500 రూపాయల వరకు టికెట్టుపై జీఎస్టీ లేదు, ఆపైన 18 శాతం. ఐపీఎల్‌ను ఈ వర్గంలో చేర్చలేదు. దానిపై 28 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమయింది. 1,000 రూపాయల మూల ధర గల ఐపీఎల్ టికెట్టు 1,280 నుంచి 1,400 రూపాయలకు చేరింది. ఈ పెంపు వరుసను తగ్గిస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు.

తెర మీది వరుస

జింఖానా అనుభవం తరువాత ఆన్‌లైన్ విక్రయమే పరిష్కారమన్న అభిప్రాయం బలపడింది. 2023 జనవరి 18న ఉప్పల్‌లో జరిగిన భారత్ – న్యూజిలాండ్ వన్డేకు టికెట్లను పూర్తిగా ఆన్‌లైన్‌లోనే అమ్మారు. శుభ్‌మన్ గిల్ ద్విశతకం చేసిన మ్యాచ్ అది. కౌంటరు లేదు కనుక కర్నూలు, కడప వాసులకు హైదరాబాదు వాసితో సమానమైన అవకాశం వచ్చినట్లే కనిపించింది. కానీ ఆన్‌లైన్‌లో కొన్నవారు మైదానంలోకి వెళ్లాలంటే కాగితపు టికెట్టు కావాలి. దానిని హైదరాబాదులోని ఎల్బీ స్టేడియంలోనో గచ్చిబౌలి స్టేడియంలోనో నిర్ణీత వేళల్లో తీసుకోవాలి. నగరవాసికి అది ఒక పూట పని. మధ్యాహ్నం మొదలయ్యే మ్యాచ్‌కు కర్నూలు నుంచి వచ్చేవారు ముందురోజే రావాలి, లేదా ఆ ఉదయమే నగరంలోని ఒక కొసకు వెళ్లి టికెట్టు తీసుకొని మరో కొసన ఉన్న ఉప్పల్ చేరాలి. కొనడంలో తొలగిన దూరం తీసుకోవడంలో తిరిగి వచ్చింది.

ఆ ఏడాది జరిగిన ప్రపంచకప్‌లోనూ ఇదే పద్ధతి. ఈ-టికెట్లు ఉండవనీ కాగితపు టికెట్టు తప్పనిసరనీ బోర్డు ముందే తెలిపింది. అక్టోబరు 5న మొదలయ్యే టోర్నమెంటుకు షెడ్యూలు జూన్ 27న వెలువడింది, టికెట్ల అమ్మకం ఆగస్టు 25న దశలవారీగా మొదలైంది. భారత్ ఆడే మ్యాచ్‌ల టికెట్ల కోసం తెర మీది వరుసలో గంటల కొద్దీ వేచినవారికి చివరకు ‘అయిపోయాయి’ అన్న సమాధానం దొరికింది. విమర్శలు పెరిగాక, సెప్టెంబరు 8 నుంచి మరో 4 లక్షల టికెట్లు అమ్ముతామని బోర్డు ప్రకటించింది. అయిపోయాయన్న చోట నుంచే 4 లక్షలు ఎలా వచ్చాయన్న సందేహం సహజం. మొదట ఎన్ని పెట్టారో చెప్పి ఉంటే ఆ సందేహమే పుట్టేది కాదు. ఇదే కప్పు 2019లో ఇంగ్లండులో జరిగినప్పుడు సాధారణ ప్రేక్షకులకు టికెట్లను 2018లోనే లాటరీ పద్ధతిన కేటాయించారు. వెళ్లలేనివారు తిరిగి అమ్ముకోవడానికి అధికారిక వేదికను కూడా ఏర్పాటు చేశారు.

హైదరాబాదుకు ఆ కప్పులో మూడు మ్యాచ్‌లు దక్కాయి. భారత్ ఆడినది వాటిలో ఒక్కటీ లేదు. సెప్టెంబరు 29న ఉప్పల్‌లో జరగవలసిన పాకిస్తాన్ – న్యూజిలాండ్ సన్నాహక మ్యాచ్‌ను భద్రతా కారణాల వల్ల ప్రేక్షకులు లేకుండా జరిపి టికెట్ల సొమ్ము తిరిగి ఇచ్చారు. టికెట్టు సొమ్ము వెనక్కి వచ్చినంత మాత్రాన దూరప్రాంతంవారు ముందుగా పెట్టుకున్న ప్రయాణపు ఖర్చులు తిరిగి రావు.

ఆన్‌లైన్ వరుసలో తోపులాట లేదు, గాయాలు లేవు. అంతవరకు అది నిస్సందేహంగా మేలు. అయితే జింఖానాలో నిలబడినవారికి తమ ముందున్న జనం కనీసం కళ్లకు కనిపించారు. తెర మీద అదీ లేదు. కొన్ని నిమిషాల పాటు సీటు తన పేర నిలిచి, చెల్లింపు పూర్తయ్యేలోపు గడువు ముగిసిపోతే మళ్లీ మొదటికి రావాలి. వేగమైన కనెక్షను, ఒకటికి నాలుగు ఫోన్లు, క్రెడిట్ కార్డు ఉన్నవారికి సహజంగానే మొగ్గు. యంత్రాల ద్వారా మనుషుల కంటే వేగంగా టికెట్లు కొనే పద్ధతిని అమెరికా 2016లో ప్రత్యేక చట్టంతో నిషేధించింది.

చట్టం చూపు

రైలు టికెట్లను అనధికారికంగా సేకరించి అమ్మడం 1989 రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరం, మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. క్రికెట్ టికెట్లను బ్లాకులో అమ్మడంపై దేశమంతటికీ వర్తించే అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ టికెట్లను అనుమతి లేకుండా తిరిగి అమ్మడాన్ని 1994లో నేరంగా ప్రకటించారు. 1989 నాటి హిల్స్‌బరో దుర్ఘటన తరువాత ప్రేక్షకుల భద్రతపై సాగిన ఆలోచనలో అది భాగం.

వినియోగదారుల చట్టం వల్ల ఎంత మేలు జరుగుతుందన్నది ఆలోచించదగిన విషయం. 2019 చట్టం ప్రకారం ప్రతిఫలం చెల్లించి, లేదా చెల్లిస్తానని మాట ఇచ్చి వస్తువునో సేవనో పొందేవాడు వినియోగదారుడు. టికెట్టు కొన్నాక సీటు దొరకనివానికి ఆ చట్టం ఆసరా. రాత్రంతా వరుసలో నిలబడి టికెట్టే దొరకనివాడు ఏమీ కొనలేదు కనుక సాధారణంగా ఆ నిర్వచనం వెలుపలే ఉండిపోతాడు. అందరికన్నా ఎక్కువ నష్టపోయినవానికే చట్టం దృష్టిలో ఉనికి లేదు.

లెక్క అడిగే మార్గం సమాచార హక్కు. 2018 అక్టోబరు 1న కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్ ఆచార్యులు క్రికెట్ బోర్డు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుందని ఉత్తర్వు ఇచ్చారు. విశాఖ మ్యాచ్ జరిగిన నెల కూడా అదే కావడం యాదృచ్ఛికం. బోర్డు ఆ ఉత్తర్వును మద్రాసు హైకోర్టులో సవాలు చేసింది. 2025 జాతీయ క్రీడా పరిపాలన చట్టం ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందే సంస్థలకే సమాచార హక్కును పరిమితం చేసింది. బోర్డు ప్రభుత్వ నిధులపై ఆధారపడదు. కనుక మ్యాచ్‌కు ఎన్ని టికెట్లు అమ్మారని కర్నూలు పౌరుడు అడిగితే సమాధానం ఇవ్వవలసిన బాధ్యత ఎవరిదో తేలకుండానే ఉంది.

తిరుపతి టోకెన్ల నుంచి

అంకె ప్రకటించినంత మాత్రాన సరిపోతుందా? సరిపోదనడానికి రాయలసీమలోనే విషాదకరమైన నిదర్శనం ఉంది. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్నవారిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. మొదటి మూడు రోజులకు ఎన్ని టోకెన్లు ఇస్తారో, మరుసటి ఉదయం ఎప్పుడు మొదలుపెడతారో తిరుమల తిరుపతి దేవస్థానం ముందే ప్రకటించింది. దర్శనానికీ ఆటకూ పోలిక లేదు, వరుసకూ వరుసకూ ఉంది. మొత్తం ఎన్నో తెలిసినా అందులో తన వంతు తెలియకపోతే, ముందుగా వచ్చినవారికే దక్కుతుందన్న నియమం మనిషిని ముందురోజే రప్పిస్తుంది, గేటు తెరుచుకోగానే పరుగెత్తిస్తుంది. తరువాతి సంవత్సరం మొదటి మూడు రోజుల టోకెన్లను దేవస్థానం ఈ-డిప్ ద్వారా, అంటే ముందుగా పేర్లు నమోదు చేయించి లాటరీ తీసి, కేటాయించింది.

లాటరీలోనూ ఎక్కువమందికి నిరాశే. కాని ఆ నిరాశ ఇంటి దగ్గరే ఎదురవుతుంది, పేరు నమోదు చేసుకోవడంతో శ్రమ ముగుస్తుంది. వింబుల్డన్ టెన్నిస్ టికెట్లను 1924 నుంచీ ఈ పద్ధతిన కేటాయిస్తున్నారు. క్రికెట్ విషయంలో దీనికి మూడు ఏర్పాట్లు అవసరం. సామర్థ్యం ఎంత, వాటాల కింద పోయేవి ఎన్ని, లాటరీకి వచ్చేవి ఎన్ని అన్నది విక్రయానికి ముందే స్టాండ్లవారీగా ప్రచురించాలి. నమోదుకు వారం రోజులైనా గడువు ఉంటే కనెక్షను వేగానికి ప్రాధాన్యం పోతుంది. ఫోనులోని టికెట్టునే గేటు వద్ద అంగీకరించాలి, అది వీలుకాకపోతే కాగితపు టికెట్లను జిల్లా కేంద్రాలలోనూ అందజేయాలి. మూడోది అన్నిటికన్నా చిన్న పని. విశాఖ మ్యాచ్‌ల విషయంలో ఆంధ్ర సంఘానికి ఇది మరింత సులువు. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలలో దానికి అనుబంధ సంఘాలు ఇప్పటికే ఉన్నాయి, టికెట్లు అందజేయడానికి వాటి కార్యాలయాలు చాలు.